తల్లి పోలిక తప్పని టమాటా

మిద్దెతోటలు పెంచేవాళ్లు ఇద్దరు కలిశారంటే మొదట వినిపించే ప్రశ్న ‘ఇది నాటు విత్తనమా, హైబ్రిడా?’ అనేదే. ఆ వెంటనే వచ్చేది ‘అయితే నాకూ నాలుగు గింజలు ఇవ్వండి’ అనే మాట. రెండోదాన్ని ఎవరూ కాదనరు. చిక్కంతా మొదటి ప్రశ్నతోనే. పుల్లగా, రసం కారుతూ, పలుచని తోలుతో ఉంటే నాటు అంటున్నాం. మందు కొట్టకుండా పెంచితే నాటు అంటున్నాం. ఊరి నుంచి చుట్టాలు తెచ్చిస్తే నాటు అంటున్నాం. గుండ్రంగా కాకుండా నొక్కుకుపోయి, చుట్టూ గాడులు పడి ఉంటే అదీ నాటే. ఇన్ని సంగతులను ఒకే గంపకింద కమ్మేయడం వల్ల ఏటా ఎంతోమంది ఉత్సాహంగా గింజలు నాటి, మూడు నెలలు నీళ్లు పోసి, చివరికి ఒక కుండీలో ఒక రకం కాయ, పక్క కుండీలో ఇంకో రకం కాయ చూసి తెల్లబోతున్నారు.

తేల్చుకోవలసింది ఒక్కటే. గింజ వేస్తే తల్లి మొక్క పోలికతో పిల్ల మొక్క వస్తుందా, రాదా? వస్తే అది సూటి రకం. రాకపోతే హైబ్రిడ్. హెయిర్‌లూమ్ అని ప్రపంచమంతా పిలుస్తున్నవి సూటి రకాల్లోనే ఒక చిన్న గుంపు. ఏదో ఒక కుటుంబమో, ఊరో కొన్ని తరాల పాటు గింజ దాచుకుంటూ, పంచుకుంటూ నిలబెట్టిన పాతరకాలు అవి. ఎంత పాతబడితే పాతరకం అవుతుందన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. యాభై ఏళ్లు చాలని కొందరు, రెండో ప్రపంచ యుద్ధానికి ముందువైతేనే అని మరికొందరు. ఆకుపచ్చ చారలతో అందరినీ ఆకట్టుకునే ‘గ్రీన్ జీబ్రా’ను టామ్ వాగ్నర్ అనే అమెరికన్ 1983లో విడుదల చేశాడు. అయినా హెయిర్‌లూమ్ పొట్లాల వరసలో అది దర్జాగా కూర్చుంటుంది. ఈ వయసు లెక్కలతో ఇంటి తోటకు ఒరిగేదేమీ లేదు. గింజ మాట తప్పుతుందా లేదా అన్నదే మనకు కావాలి.

ఇంకో రెండు అపోహలను ఇక్కడే వదిలించుకుందాం. సేంద్రియం అనేది పెంచే పద్ధతి, విత్తనం గుణం కాదు. హైబ్రిడ్‌ను పూర్తిగా పశువుల ఎరువుతో పెంచవచ్చు, శతాబ్దం నాటి రకానికి వారం వారం పురుగుమందు కొట్టవచ్చు. ఇక జన్యుమార్పిడి. మన బజారులో అమ్మే టమాటాల్లో జన్యుమార్పిడివి లేవు. మన దేశంలో వాణిజ్యపరంగా రైతుల పొలాల్లోకి వచ్చిన జన్యుమార్పిడి పంట పత్తి. హైబ్రిడ్ అంటే రెండు మామూలు మొక్కలకు పుట్టిన సంకరం. ప్రయోగశాలతో దానికి పనిలేదు, చేతివేళ్లు చాలు.

దేశవాళీ అనే మాట దగ్గర కూడా కాస్త నెమ్మదించాలి. టమాటా పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతం. పెద్ద కాయల మొక్కగా అది సాగులో కుదురుకున్నది మెక్సికోలో. పదహారో శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు దాన్ని యూరప్‌కు తీసుకెళ్లారు, అటు తర్వాత పోర్చుగీసుల ఓడలెక్కి మనదాకా వచ్చింది. రామములగ అని, తక్కాళి అని పేర్లు పెట్టి ఇంటిదాన్ని చేసుకున్నా, పప్పులోకీ పచ్చడిలోకీ అది లేని రోజు లేకపోయినా, వంకాయలాగా ఇక్కడ పుట్టి పెరిగినది కాదు. పెరటి తోటలకు దశాబ్దాలుగా సిఫారసు చేస్తున్న ‘పూసా రూబీ’ ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో తయారైంది. ‘సూ’ అనే అమెరికా రకాన్ని ‘ఇంప్రూవ్డ్ మీరుతి’తో సంకరం చేసి, ఆ సంతతి నుంచి ఏరి స్థిరపరిచిన రకం అది. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన ‘అర్క వికాస్’ మూలం కూడా ‘టిప్ టాప్’ అనే అమెరికా రకమే. తమిళనాడులోని పెరియకుళం నుంచి వచ్చిన ‘పీకేఎం-1’ మాత్రం ‘అన్నంజి’ అనే స్థానిక రకం నుంచి పుట్టింది. ఈ మూడూ సూటి రకాలే, మూడింటి గింజలూ దాచుకోవచ్చు. నాటు అని మనం మురిసిపోయే కాయకు అమెరికా తాత ఉండటం వింతేమీ కాదు.

హైబ్రిడ్ గింజ మొలవదా?

శుభ్రంగా మొలుస్తుంది. ‘కంపెనీవాళ్లు గింజ మొలవకుండా చేశారు’ అనేది పొలం గట్ల మీద పుట్టి ఫోన్లలోకి పాకిన పుకారు. బజారులో కొన్న గట్టి తోలు టమాటాను కోసి గింజలు వేసి చూడండి, వారం తిరక్కుండా మొలకలు వస్తాయి. సమస్య మొలవడంలో లేదు, ఏమి మొలుస్తుందన్న దానిలో ఉంది.

హైబ్రిడ్ విత్తనం ఎలా తయారవుతుందో చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కర్ణాటకలో హావేరి జిల్లా రాణెబెన్నూరు చుట్టుపక్కల ఊళ్లు దీనికి పెట్టింది పేరు. అక్కడ పొలాల్లో ఎక్కువగా ఆడవాళ్లే ఈ పని చేస్తారు. తల్లి మొక్క మీద రేపు విచ్చుకోబోయే మొగ్గను ఇవాళే పట్టుకుని, చిన్న పట్టుకారుతో లోపలి పుప్పొడి గొట్టాన్ని, పుప్పొడిని అందుకునే ఆడభాగపు కొసకు, అంటే కీలాగ్రానికి, దెబ్బ తగలకుండా ఊడబెరుకుతారు. మర్నాడు తండ్రి రకం పుప్పొడిని ఆ కీలాగ్రానికి అద్దుతారు. ఒక్కో పువ్వుకూ ఇదే తంతు. హైబ్రిడ్ విత్తనం ఖరీదులో పెద్ద వాటా ఈ చేతిపనిదే. అలా పుట్టిన మొదటి తరం మొక్కలన్నీ ఒకే అచ్చు. పొలంలో వరుసంతా ఒకే ఎత్తు, ఒకే సైజు కాయ, ఒకేసారి పంట. మదనపల్లె మార్కెట్ నుంచి లారీలో వేరే రాష్ట్రానికి వెళ్లాల్సిన కాయకు ఇవన్నీ కావాలి.

ఆ మొదటి తరం కాయలోని గింజను మనం నాటినప్పుడు తల్లి గుణాలు, తండ్రి గుణాలు విడిపోయి కొత్త జతలు కడతాయి. ఎరుపు, పసుపు రంగుల తల్లిదండ్రులకు పుట్టిన సంకరమైతే రెండో తరంలో దాదాపు నాలుగో వంతు మొక్కలు పసుపు కాయలు కాస్తాయి. మొక్క ఎత్తు, కాయ ఆకారం, తోలు మందం, తెగులు తట్టుకునే గుణం కూడా ఇలాగే దేనికది విడిపోతాయి. పది మొక్కలు వేస్తే పది తీర్లు. వాటిలో ఒకటి అద్భుతంగా కాయవచ్చు, మూడు అసలు కాయకపోవచ్చు.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, ‘కాబట్టి హైబ్రిడ్ గింజ దాచకూడదు’ అని. నాకైతే ఆసక్తి మొదలయ్యేది ఇక్కడే. టమాటా తనలో తాను పరాగసంపర్కం చేసుకునే మొక్క కాబట్టి తరం తరానికీ ఈ గందరగోళం సగం అవుతూ పోతుంది. తల్లిదండ్రుల మధ్య తేడా ఉన్న జన్యువులను లెక్కలోకి తీసుకుంటే, మొదటి తరంలో అవన్నీ మిశ్రమంగా ఉంటాయి. రెండో తరంలో మిశ్రమంగా మిగిలేవి సగటున సగం. మూడోదానిలో 25 శాతం, నాలుగోదానిలో 12.5, అయిదోదానిలో 6.25, ఆరోదానిలో 3 చిల్లర, ఏడో తరానికి ఒకటిన్నర శాతం. అంటే రెండో తరంలో నచ్చిన ఒక మొక్కను ఎంచుకుని, దాని పిల్లల్లో నచ్చినదాన్ని, మళ్లీ దాని పిల్లల్లో నచ్చినదాన్ని ఏరుకుంటూ వెళ్తే ఏడో తరానికి అది ఆచరణలో సూటి రకం అయిపోతుంది. ఏడాదికి రెండు పంటలు తీయగలిగిన మన వాతావరణంలో మూడు నాలుగేళ్ల పని. కూరగాయల సంచిలోంచి తీసిన హైబ్రిడ్ టమాటా నుంచి మీ ఇంటి నాటు రకం తయారు చేసుకోవడానికి అడ్డేమీ లేదు.

పాతరకాలన్నీ ఏదో పవిత్రమైన ఆదిమ విత్తనాలు అనుకునేవాళ్లకు ‘మార్ట్‌గేజ్ లిఫ్టర్’ (అప్పు తీర్చేది) అనే టమాటా కథ చెప్పాలి. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం లోగన్‌లో ఎం.సి. బైల్స్ అనే రేడియేటర్ మెకానిక్ ఉండేవాడు. మొక్కల శాస్త్రం చదవలేదు. 1930లలో ‘జర్మన్ జాన్సన్’ అనే రకాన్ని మధ్యలో నాటి, చుట్టూ తనకు దొరికిన పెద్ద కాయల రకాలు పెట్టి, వాటి పుప్పొడిని మధ్య మొక్క పూలకు చేత్తో అద్దాడు. వచ్చిన సంతతిలో మంచివాటిని ఏటేటా ఏరుతూ ఆరేళ్లకు తనకు కావలసిన కాయ సాధించాడు. నారు మొక్క ఒక్కోటి డాలరు చొప్పున అమ్మి ఆరు వేల డాలర్ల ఇంటి అప్పు తీర్చేశానని తర్వాత చెప్పుకున్నాడు. ఆ పేరు అందుకే వచ్చింది. ఇవాళ ప్రపంచంలో ఎక్కువ పేరున్న హెయిర్‌లూమ్‌లలో ఇదొకటి, పుట్టుక మాత్రం సంకరమే.

పువ్వు లోపల జరిగేది

టమాటా పువ్వును కోసి దగ్గరగా చూడండి. వెనక్కి వంగిన అయిదారు పసుపు రేకుల మధ్య శంకువులా ఒక గొట్టం ఉంటుంది. పుప్పొడి తిత్తులన్నీ అంచులు కలుపుకుని కట్టిన గొట్టం అది. దాని లోపల కీలం. పుప్పొడి ఆ గొట్టం లోపలివైపు రాలి అక్కడే కీలాగ్రాన్ని తాకుతుంది. బయటి పుప్పొడికి దాదాపు దారి లేదు. అందుకే పక్కపక్కన రెండు రకాలున్నా సాధారణంగా నూటికి రెండో మూడో గింజలు మాత్రమే కలుషితమవుతాయి. గుమ్మడి, బీర, ముల్లంగి గింజలు దాచడానికి పడాల్సిన తిప్పలతో పోలిస్తే ఇది నల్లేరు మీద బండి నడక.

అయితే మినహాయింపులున్నాయి, అవి సరిగ్గా పాతరకాల్లోనే ఎక్కువ. బంగాళాదుంప ఆకులాంటి వెడల్పాటి ఆకులున్న ‘బ్రాండీవైన్’ వంటి కొన్ని రకాల్లో కీలం గొట్టం దాటి బయటికి పొడుచుకు వస్తుంది. రెండు మూడు పూలు అతుక్కుపోయినట్టు ఉండే పెద్ద పూలలోనూ అంతే. ఎండ ముదిరినప్పుడు మామూలు రకాల్లో కూడా కీలం బయటికి సాగుతుంది. అప్పుడు పక్క మొక్క పుప్పొడి అంటుకునే అవకాశం పెరుగుతుంది.

ఆ పుప్పొడిని మోసేది ఎవరు? తేనెటీగలు టమాటా పువ్వు జోలికి పెద్దగా రావు. తేనె ఉండదు, పుప్పొడేమో గొట్టంలో బంధించి ఉంటుంది. దాన్ని రాల్చాలంటే పువ్వును పట్టుకుని రెక్కల కండరాలతో జుయ్యిమని వణికించాలి. ఆ విద్య మన నల్ల తుమ్మెదకు, నీలి చారల తేనెటీగకు తెలుసు. ఎండు కొయ్యను తొలిచి కాపురముండే పెద్ద తుమ్మెద ఉదయం పూట మీ టమాటా పువ్వుకు వేలాడుతూ కనిపిస్తే కాపు బాగుంటుందని సంతోషించండి, గింజ కోసం ఉంచిన కొమ్మ మాత్రం దానికి అందకుండా చూసుకోండి. నాలుగో అంతస్తు మిద్దె మీద తుమ్మెద రాకపోతే ఆ పని మనమే చేయాలి. ఉదయం తొమ్మిది, పది గంటల వేళ పూగుత్తి కాడను వేలితో నాలుగుసార్లు తట్టితే చాలు, గాలి ఆడని మూలల్లో పూత రాలిపోవడం తగ్గుతుంది.

గింజ కోసం ఉంచే గుత్తిని పువ్వు విచ్చుకోకముందే పలుచని నైలాన్ గుడ్డ సంచిలో మూసి కట్టాలి. రోజూ సంచి మీంచే తట్టాలి. పిందె పడగానే సంచి తీసేసి, ఆ గుత్తికి రంగు దారం కట్టి గుర్తు పెట్టుకోవాలి. దారం కట్టడం మర్చిపోతే కోసేటప్పుడు ఏది ఏదో తెలియదు, ఇంట్లోవాళ్లు చారులో వేసేస్తారు.

పాతరకం అంటే గట్టిదా?

‘నాటు రకాలకు తెగుళ్లు రావు’ అనేది టమాటా విషయంలో తప్పు. ఇది మొహమాటం లేకుండా చెప్పాలి, ఎందుకంటే దీన్ని నమ్మి నిరాశపడి తోట మానేసినవాళ్లు ఉన్నారు.

మన దగ్గర టమాటాకు మొదటి శత్రువు ఆకుముడత తెగులు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ ఇది. ఆకులు పైకి దోనెలా ముడుచుకుని, చిన్నబోయి, మొక్క కురచగా గిడసబారుతుంది. చిన్న వయసులో సోకితే కాపు మీద ఆశ వదులుకోవాలి. దీన్ని తట్టుకునే జన్యువులు సాగులో ఉన్న టమాటాలో లేవు. అడవి టమాటా జాతుల నుంచి, అంటే చిలీ, పెరూ వైపు కొండల్లో పెరిగే దూరపు బంధువుల నుంచి, కొత్త రకాలు తయారుచేసే శాస్త్రవేత్తలు వాటిని తెచ్చి కొత్త రకాల్లో పెట్టారు. నూరేళ్ల నాటి అమెరికా రకానికి ఆ రక్షణ ఎక్కడి నుంచి వస్తుంది? టమాటా ఆండీస్ నుంచి మెక్సికోకు, అక్కడి నుంచి యూరప్‌కు చేరే దారిలో ప్రతి మజిలీలోనూ గుప్పెడు గింజలే ముందుకెళ్లాయి. జన్యు వైవిధ్యంలో అధిక భాగం వెనకే ఉండిపోయింది. పాతరకాలు రంగుల్లో, ఆకారాల్లో ఎంత వైవిధ్యం చూపినా లోపల మాత్రం అవి దగ్గరి చుట్టాలు.

రెండోది వేడి. టమాటా పిందె కట్టడానికి రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే హాయి. రాత్రి 24 దాటినా, పగలు 35 దాటినా పుప్పొడి పాడై పూత రాలుతుంది. ఈ దెబ్బ పువ్వు విచ్చుకున్న రోజున తగిలేది కాదు, అంతకు వారం పది రోజుల ముందే మొగ్గలో పుప్పొడి తయారయ్యేటప్పుడు తగులుతుంది. అందుకే వడగాలి తగ్గాక కూడా కొన్నాళ్లు పూత రాలుతూనే ఉంటుంది. ముప్పై రెండు డిగ్రీలు దాటితే ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగా ఏర్పడదు, కాబట్టి ఏప్రిల్‌లో పండిన కాయలు నారింజ రంగు దగ్గరే ఆగిపోతాయి. అది రకం లోపం కాదు.

మరి ఇన్ని కష్టాలు పడి పాతరకం ఎందుకు? రుచి కోసం. దీనికి ఆధారముంది. లారీలో నలగకుండా, అల్మరాలో పది రోజులు నిలిచేలా కాయలను ఏరుకుంటూ వెళ్లిన కొద్దీ వాసన ఇచ్చే పదార్థాలు చేజారిపోయాయి. దాదాపు నాలుగు వందల రకాలను పరీక్షించి 2017లో ప్రచురించిన పరిశోధన, రుచికి కీలకమైన 13 సుగంధ పదార్థాలు ఆధునిక రకాల్లో గణనీయంగా తగ్గాయని తేల్చింది. ఇంకో సంగతి మరీ చిత్రం. పాత రకం పచ్చికాయను చూడండి, తొడిమ చుట్టూ ముదురు ఆకుపచ్చ, కింద లేత రంగు. కాయంతా ఒకేలా పండటం లేదని గిరాకీ తగ్గుతుందనుకుని, పచ్చిగా ఉన్నప్పుడే కాయంతా ఒకే లేత రంగులో ఉండే రకాలను డెబ్బై ఏళ్లుగా ఏరుతూ వచ్చారు. ఆ ముదురు పచ్చదనమే కాయలోపల చక్కెర తయారీకి తోడ్పడుతుందని, దాన్ని నడిపే జన్యువు ఈ కొత్త రకాల్లో పనిచేయడం లేదని 2012లో బయటపడింది. చూపు కోసం తీపిని వదులుకున్నామన్నమాట. పీకేఎం-1 కాయల్లో తొడిమ చుట్టూ ఆ పచ్చ మచ్చ ఇప్పటికీ కనిపిస్తుంది.

రుచి అన్నప్పుడు ఎవరి వంటింటి రుచి అని కూడా అడగాలి. ‘చెరోకీ పర్పుల్’, బ్రాండీవైన్ వంటి అమెరికా పాతరకాలు ముక్కలుగా కోసి ఉప్పు చల్లుకుని పచ్చిగా తినడానికి పుట్టినవి. కండ ఎక్కువ, పులుపు తక్కువ. వాటితో రోటి పచ్చడి చేస్తే చప్పగా ఉంటుంది, చింతపండు వేయక తప్పదు. చారు, పప్పు, నిలవ పచ్చడి మీ ఇంట్లో ఎక్కువైతే పులుపున్న పూసా రూబీ లాంటిదే మంచి జోడీ. నన్నడిగితే మొదటి ఏడాది పది కుండీలుంటే ఏడింటిలో ఇక్కడి సూటి రకాలు, మూడింటిలో సరదాకి విదేశీ పాతరకాలు పెట్టమంటాను. తెగుళ్ల భయం ఉన్నవాళ్లకు సూటి రకాల్లోనే తట్టుకునేవి దొరుకుతాయి. వారణాసి కూరగాయల పరిశోధన సంస్థ ఇచ్చిన ‘కాశీ విశేష్’ ఆకుముడతను, బెంగళూరు ‘అర్క అభ’ బాక్టీరియా ఎండు తెగులును తట్టుకుంటాయి. రెండింటి గింజలూ దాచుకోవచ్చు. మంచి గుణం కావాలంటే హైబ్రిడే కొనాలి అనేది సగం నిజమే.

విదేశీ విత్తనం గురించి ఒక మాట. అమెరికా నుంచి వచ్చే పిల్లల సూట్‌కేసులో రంగురంగుల పొట్లాలు తెప్పించుకోవడం మామూలైపోయింది. మన దేశంలోకి విత్తనం తేవాలంటే దిగుమతి అనుమతి, ఆ దేశపు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలని 2003 నాటి క్వారంటైన్ ఉత్తర్వు చెబుతోంది. అది ఉత్త కాగితాల గొడవ కాదు. పోయిన దశాబ్దం మధ్యలో ఇజ్రాయెల్, జోర్డాన్‌లలో బయటపడిన ఒక టమాటా వైరస్ గింజల ద్వారానే ఖండాలు దాటింది. చేత్తో తాకినా వ్యాపిస్తుంది. ఆన్‌లైన్‌లో నీలం టమాటా బొమ్మ వేసి అమ్మే పొట్లాల సంగతి వేరే చెప్పక్కర్లేదు. తోలు మీద ఊదా రంగున్న ‘ఇండిగో రోజ్’ వంటివి నిజంగానే ఉన్నాయి గానీ, ఆకాశనీలం టమాటా కంప్యూటర్‌లోనే పండుతుంది.

కాలం చూసి కాలు పెట్టాలి

పాతరకాలకు మన దగ్గర ఒకే మంచి కాలం ఉంది. పుబ్బ, ఉత్తర కార్తెల్లో, అంటే ఆగస్టు చివర నుంచి సెప్టెంబర్ నెలాఖరులోపు నారు పోసి, హస్త, చిత్త కార్తెల్లో నాటుకుంటే నవంబర్, డిసెంబర్ చలిరాత్రుల్లో పూత వస్తుంది. పెద్దకాయల రకాలు నాటిన తర్వాత 80, 90 రోజులకు గానీ పండవు కాబట్టి కాపు జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది. కోస్తాలో అక్టోబర్, నవంబర్ తుపాన్ల భయం ఉంటుంది గనుక అక్కడ రెండు మూడు వారాలు ఆలస్యం చేసినా నష్టం లేదు. మదనపల్లె వైపు, అరకు వైపు ఎత్తైన ప్రాంతాలవాళ్లు అదృష్టవంతులు, వాళ్లకు కాలం ఇంకా పొడుగు. జనవరిలో నారు పోసి మే నెలలో పెద్ద కాయలు కోద్దామనుకుంటే మాత్రం అది ఎండతో పందెం. ఆ కాలానికి చెర్రీ టమాటా వేసుకోండి. మన పెరళ్లలో పక్షులు వేసిన గింజతో తనంతట తానే మొలిచే బుల్లి టమాటా కూడా వేడిని పెద్దకాయల కంటే బాగా ఓర్చుకుంటుంది.

నారు పోయడంలో రహస్యమేమీ లేదు. కొబ్బరి పీచు పొట్టు, బాగా చివికిన వానపాముల ఎరువు సగం సగం కలిపి ట్రేలో నింపి, గింజను అర సెంటీమీటరు లోతులో పెట్టాలి. వారం లోపు మొలుస్తుంది. తడి ఎక్కువైతే మొలక మొదలు దగ్గర సన్నబడి పక్కకు వాలిపోతుంది, అదే నారుకుళ్ళు. నీళ్లు తగ్గించడం, మిశ్రమంలో ట్రైకోడెర్మా విరిడి అనే మేలుచేసే శిలీంధ్రాన్ని కలపడం దానికి విరుగుడు. మొలక కనిపించిన రోజు నుంచే ట్రే మీద సన్నకన్నుల నైలాన్ వల కప్పి ఉంచడం మాత్రం తప్పనిసరి. తెల్లదోమ చేసే నష్టంలో ఎక్కువ భాగం ఈ నాలుగు వారాల్లోనే జరుగుతుంది.

నాలుగైదు నిజమైన ఆకులొచ్చాక, కాండాన్ని కింది ఆకుల దాకా మట్టిలో పూడ్చి నాటండి. వంకాయకు, మిర్చికి ఇలా చేయనక్కర్లేదు. టమాటా కాండం మీద ఎక్కడ మట్టి తగిలితే అక్కడ వేళ్లు వేస్తుంది. పాతరకాల్లో చాలామటుకు ఆగకుండా ఆరేడు అడుగులు పెరిగేవే. పొట్టిగా ఆగిపోయే పొద గుణం 1914లో ఫ్లోరిడాలో ఒక పొలంలో అనుకోకుండా కనిపించింది, పూర్వపు రకాల్లో అది ఉండదు. కాబట్టి కనీసం ఇరవై లీటర్ల కుండీ, నాటిన రోజే పాతిన గట్టి కర్ర ఉండాలి.

ఒక రోజు ఉదయం పచ్చగా కళకళలాడిన మొక్క మధ్యాహ్నానికి ఆకు పసుపు రంగుకు కూడా తిరగకుండా తలవేలేస్తే, సాయంత్రం నీళ్లు పోసినా మర్నాడు మళ్లీ వాలిపోతే, బాక్టీరియా ఎండు తెగులును అనుమానించాలి. మొదలు దగ్గర కాండాన్ని రెండు అంగుళాల ముక్క కోసి, గాజుగ్లాసులో తేట నీళ్లు పోసి, ముక్క కొస నీటిలో మునిగేలా కదలకుండా పట్టుకోండి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లని దారం సన్నగా కిందికి జారితే అది బాక్టీరియానే. మందు లేదు. మొక్కను మట్టితో సహా తీసేయాలి. ఆ మట్టిలో వంగ, మిర్చి, బంగాళాదుంప కూడా పెట్టకూడదు.

గింజ తీయడం

అన్నిటికంటే పెద్ద కాయను ఏరి గింజ తీయడం మనవాళ్ల అలవాటు. చూడాల్సింది కాయను కాదు, మొక్కను. ఒక మొక్కలోని కాయలన్నిటి గింజల్లో ఉండేది ఆ మొక్క సొత్తే. పెద్ద కాయ గింజకు, దాని పక్కనున్న చిన్న కాయ గింజకు జన్యువుల దగ్గర తేడా ఉండదు. రుచి, కాపు, తెగులును ఓర్చుకున్న తీరు మొత్తంగా చూసి మొక్కను ఎంచుకోవాలి. ఆకుముడత ఊరంతా తిరిగిన ఏడాది నిలబడి కాసిన మొక్క దొరికితే అది బంగారం. ఒకే మొక్క గింజతోనైనా రకం నిలుస్తుంది, అయిదారు మొక్కల గింజలు కలిపితే ఇంకా మంచిది.

కాయను మొక్క మీదే మెత్తబడేదాకా పండనివ్వాలి. అడ్డంగా కోసి గింజలను జిగురుతో సహా గాజు గ్లాసులోకి పిండాలి. గింజ చుట్టూ ఉన్న ఆ జెల్లీలోని పదార్థాలే కాయ లోపల మొలకెత్తకుండా ఆపుతాయి. దాన్ని వదిలించడానికి పులియబెట్టాలి. కాస్త నీళ్లు కలిపి మూత వదులుగా పెట్టి నీడలో ఉంచండి. చల్లని దేశాల పుస్తకాలు మూడు నాలుగు రోజులంటాయి, మన వేడికి ఒకటి రెండు రోజులు చాలు. అంతకు మించి ఉంచితే గింజలు గ్లాసులోనే మొలకెత్తుతాయి. పైన తెల్లని తెట్టె కట్టి, పుల్లటి వాసన వచ్చాక నీళ్లు పోసి కలియబెడితే మంచి గింజలు అడుగుకు చేరతాయి, తాలు గింజలు పైకి తేలతాయి. రెండు మూడు నీళ్లలో కడిగి, జల్లెడలో వడగట్టి, పింగాణీ పళ్లెంలో పలుచగా పరిచి నీడన గాలికి ఆరబెట్టాలి. కాగితం మీద ఆరబెడితే అతుక్కుపోతాయి. సన్నని నూగు కప్పుకుని బూడిద రంగులోకి తిరిగి, చేత్తో కదిపితే గలగలమనాలి. పులియబెట్టడం వల్ల గింజ పైన అంటుకున్న కొన్ని బాక్టీరియాలు పోతాయి, వైరస్ సోకిన మొక్క గింజను మాత్రం అది బాగుచేయదు. అలాంటి మొక్క నుంచి గింజ తీయనే కూడదు.

గింజకు శత్రువులు తడి, వేడి. తేమ ఒక శాతం తగ్గినకొద్దీ, ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు తగ్గినకొద్దీ గింజ ఆయుష్షు రెండింతలవుతుందని విత్తన శాస్త్రంలో ఒక స్థూల సూత్రం. మన వానాకాలపు గాలిలో అలమరలో వదిలేసిన పొట్లం రెండేళ్లకు నీరసిస్తుంది. అదే పొట్లాన్ని చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లంతో కలిపి బిగుతు మూత సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే అయిదేళ్లు దాటినా మొలుస్తుంది. ఫ్రిజ్ నుంచి తీసిన సీసాను వెంటనే తెరవకండి, గది వేడికి వచ్చాక తెరిస్తే లోపల చెమ్మ పట్టదు.

పొట్లం మీద రకం పేరు, సంవత్సరం అందరూ రాస్తారు. దానితోపాటు మొక్క ఏ నెలలో పూసిందో, సంచి కట్టారా లేదా, ఆ ఏడాది ఏ తెగులు తిరిగిందో కూడా రాయండి. గింజలు అడిగినవాళ్లకు ఆ చీటీ నకలు కూడా ఇవ్వండి. గ్రాముకు సుమారు మూడు వందల గింజలు తూగుతాయి, రెండు కాయల గింజలు వీధి మొత్తానికి సరిపోతాయి. పంచిన గింజ ఇంకో ఇంట్లో బతికి ఉంటే, మీ కుండీల్లో ఆకుముడత మొత్తం ఊడ్చుకుపోయిన ఏడాది అక్కడి నుంచి వెనక్కి అడిగి తెచ్చుకోవచ్చు.